కమాన్ కట్టల్లో బరువు

ఆళ్లగడ్డ,
11-2-1980, సోమవారం.

దొర్నిపాడు బడి పంతులు, సంఘ పెద్ద, నా ప్రియమైన నాయన సామ్యేలు గారికి,

మీ చిన్న కూతురు ప్రసన్నకుమారి వందనాలు. దేవుని దయవల్ల నేను ఆరోగ్యంగా ఉన్నాను. మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, అమ్మకు కొత్త కళ్లద్దాలు కుదిరాయనీ తలుస్తాను.

ప్రభుదాసన్న రాసిన కార్డు అందింది. కవరులో పెట్టకుండా కార్డు మీద రాశాడు కాబట్టి దారిలో ఉన్న పోస్టాఫీసులన్నీ చదివే ఉంటాయి. నేను లారీవాడి మాయలో పడ్డానట. శుక్రవారం కోవెలకుంట్ల నుంచి పెళ్లివారు వస్తున్నారట. గురువారానికల్లా ఇంటికి రావాలి, ఉద్యోగాల మాట ఇక ఎత్తకూడదు, ఆ ప్లాస్టిక్ బొమ్మలు పొయ్యిలో పడేసి మరీ రావాలి, లేకపోతే మళ్లీ ఆ గడప తొక్కే పని లేదు అని రాశాడు.

అన్న చూసింది నా కాళ్లు, నాయనా.

నవంబరులో ఆయన ఆళ్లగడ్డకు వచ్చాడు కదా. నేనుండే గది రోడ్డు పక్కన విశ్వేశ్వరయ్య గారి శిల్పాల షెడ్డు వెనక. ఆ షెడ్డు ముందు ఆగిన లారీ కిందనుంచి నా రెండు కాళ్లు బయటికి కనిపించాయి. చెప్పులు తాను కొనిచ్చినవే కాబట్టి గుర్తుపట్టాడు. క్లీనర్లు నవ్వుతున్నారు. అంతే, మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయాడు. కాళ్లు చూసినవాడు కాస్త వంగి ఉంటే ముఖం నిండా గ్రీజు, చేతిలో పెన్సిలు, పొట్టమీద అట్టముక్క కనిపించేవి. బ్రేకు గొట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో గీసుకుంటున్నాను. ఆ లారీ డ్రైవరు పేరు నరసింహులు. ఆయనకు ముందు పళ్లు లేవు. ఆయన మనవరాలు నాలుగో తరగతిలో నా దగ్గర చదువుకుంది. అన్నకు అనుమానమొచ్చిన లారీవాడు ఈయనే.

క్రిస్మసుకు నేను కట్టిన బొమ్మ లారీని ఇంటికి తెచ్చింది మీ అందరికీ సంగతి చెబుదామనే. అన్న మొహం తిప్పుకున్నాడు. అమ్మేమో, చిన్నప్పుడు బొమ్మలు కొనియ్యలేదని ఇప్పుడు కచ్చ తీర్చుకుంటాండావా మే అనింది. మీరు కుర్చీలోంచే చూసి, రెండో ఆజ్ఞ గుర్తుండాదా పాపా, ఏ రూపమూ చేసుకోగూడదని, విగ్రహాలు చెక్కే వీధిలో కాపురముండి నువ్వు గూడా రూపాలు చేసేది నేర్చినావా అన్నారు. గొంతు పెంచకుండా అన్నారు కాబట్టి అదే ఎక్కువ గుచ్చుకుంది. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. నేను దానికి మొక్కలేదు నాయనా. దాని కింద వెల్లకిలా పడుకున్నాను.

మొదటినుంచీ చెబితే గాని మీకు అర్థం కాదు.

బి.ఎస్సీ. అయ్యాక నేను నంద్యాల మిషను కాంపౌండులో హాస్టలు పని చూసేటప్పుడు, ఒక దొరల కుటుంబం తమ దేశానికి వెళ్లిపోయింది. వాళ్ల సామాన్ల గది ఖాళీ చేస్తుంటే రెండు అట్టపెట్టెలు తగలబెట్టే కుప్పలో కనిపించాయి. మీద లారీ బొమ్మలు. లోపల, చింతరెమ్మకు ఆకుల్లాగా, ప్లాస్టిక్ కాడలకు అంటుకున్న చిన్న చిన్న ముక్కలు. వాళ్ల పిల్లవాడు ఒక లారీని సగం అతికించి, గోందు చీమిడిలా కార్చి వదిలేశాడు. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు గాని నంద్యాల ఎండలకు దాని చాసిస్ వడియంలా మెలి తిరిగింది. నిజం లారీలో ఇరవై అయిదో వంతు అని పెట్టె మీద ఉంది. నేను ఊరికే ఒక ముక్క విరిచి వెలుతురుకు పట్టి చూశాను. అది ఇంజను. వేలి కణుపంత ఉంది. దానికి బోల్టులున్నాయి. ముందు మూత అతికించేస్తే ఆ బోల్టులు ఇక ఏ కంటికీ కనిపించవు. అయినా ఎవడో కూర్చుని వాటిని చేశాడు. మీరు ఆదివారం నాడు దేవుడు గడ్డిపువ్వును కూడా అలంకరించాడని చెప్పేటప్పుడు మీ గొంతులో ఒకటి పలుకుతుంది చూడండి, అది నాకు ఆ సామాన్ల గదిలో దుమ్ములో నిలబడి ఉండగా వినబడింది.

ఆ పెట్టెలతోనే ఆళ్లగడ్డ బడికి టీచరుగా వచ్చాను. మెలి తిరిగిన చాసిస్‌ను వేడినీళ్లలో ముంచి, రెండు నున్నటి రాళ్ల మధ్య పెట్టి సాపు చేశాను. పిల్లవాడు అతికించిన దాన్ని బ్లేడుతో విడదీశాను. స్టీరింగు వాళ్ల దేశం పద్ధతిలో ఎడమవైపు ఉంటే కోసి కుడివైపుకు మార్చాను. కాలిపోయిన ఫ్యాను లోపలి రాగితీగ బ్రేకు గొట్టాలకు సరిపోయింది. మిగిలిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి మీద వేడిచేసి లాగితే వెంట్రుకంత సన్నగా సాగుతుంది, అది అద్దాలు తుడిచే కడ్డీలకు పనికొచ్చింది. వెనక తొట్టి వాళ్లది ఇనుప డబ్బాలా ఉంది. అది తీసేసి చీపురుపుల్లలు చీల్చి మన చెక్క బాడీ కట్టాను. పాత గొడుగు గుడ్డను గంజిలో ముంచి పట్టా కప్పాను. షెడ్డులోని రాతిపొడిని వస్త్రగాళితం పట్టి టైర్ల మీద చల్లాను.

అన్నీ ఉన్నాయి. అయినా అది లారీ కాలేదు. ఎక్కడ తక్కువైందో తెలియక, ఆగిన ప్రతి లారీ కిందా దూరడం అలా మొదలైంది. విశ్వేశ్వరయ్య గారి భార్య రామలక్ష్మమ్మక్క, విగ్రహాలకు నునుపు పట్టే చేతులు ఆమెవి, అక్కడినుంచే అరిచేది. ఏం పాపా, ఆడేమన్నా సంబంధం దొరికిందా, దొరికితే డీజిలు వాసన లేనోడ్ని చూస్కో అని. ఆ మాటకే ఆ రోజు క్లీనర్లు నవ్వారు. అన్న సరిగ్గా ఆ నవ్వు దగ్గరికే వచ్చాడు.

ఆయన ఇంకొంచెంసేపు నిలబడి ఉంటే, నాయనా, నా జన్మలో నేను చూసిన అన్నిటికన్నా గొప్పదాన్ని తానూ చూసేవాడు.

నరసింహులు వంగి, పాపా, బయటికి రా, సామిని ఎక్కించాల అన్నాడు. నేను బయటికొచ్చి దూరంగా నేలమీద కూర్చున్నాను. అనంతపురం వైపు గుడికి పోయే ఆంజనేయుడు, మనిషికి రెండింతలు. గడ్డి, గోనెపట్టాలు చుట్టి ముఖం కూడా కనిపించకుండా కట్టారు. మూడు దూలాలు నిలబెట్టి గొలుసు కప్పీతో లేపారు. లారీ వెనక్కి నడిచి దాని కిందికొచ్చి నిలిచింది. అంతవరకు ఒకర్నొకరు తిట్టుకుంటున్న మగవాళ్లందరూ మాట మానేశారు. గొలుసు చప్పుడు ఒక్కటే.

అందరూ రాతిని చూస్తున్నారు. నేను చెంప నేలకానించి వెనక చక్రాల సందులోకి చూశాను. అక్కడ కమాన్ కట్టలుంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. లారీ ఖాళీగా ఉంటే అవి కిందికి వంగి నవ్వుతున్న నోరులా ఉంటాయి. రాయి చెక్కలకు తగిలింది. పై పట్టీ కదిలింది. దాని కిందిది కదిలింది. ఒకదాని మీద ఒకటి జారుతూ, తుప్పు రాలుస్తూ, ఆ వంపు మెల్లమెల్లగా గీతలా చదునైంది. టైర్ల అడుగులు పడుకున్న ఎనుము పొట్టల్లా పక్కలకు వచ్చాయి. వాటి కింద గులకరాళ్లు చిట్లాయి. ఆ బరువు నేలలోంచి వచ్చి నా చెంపకు తగిలింది. మన చర్చిలో సంఘమంతా ఒక్కసారిగా మోకరించాక ఒక నిశ్శబ్దం వస్తుందే, అది వచ్చింది. నా కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే సామికి దండం పెట్టిందనేవాళ్లు.

భౌతికశాస్త్రంలో బరువు గురించి రాసి నేను మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. దాన్ని కంటితో చూసింది ఆ పొద్దే.

గదిలోకి వచ్చి నా లారీని చూస్తే తక్కువేమిటో తెలిసింది. దానికి బరువు లేదు. పెట్టెలోంచి వచ్చినప్పటి వంపుతోనే కమాన్ కట్టలు నవ్వుతున్నాయి. పుట్టినప్పటినుంచి ఒక్క బస్తా మొయ్యని లారీ. కట్టల్ని కొవ్వొత్తి మీద పెట్టి వంచబోతే కరిగి బొట్టయి కారిపోయాయి. రెండో పెట్టెలో ఇంకొక్క జత మాత్రమే ఉంది. అది కూడా పోతే ఇక లేదు. టీ గిన్నె ఆవిరికి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గోరుతో నొక్కుతూ పోయాను. ఎక్కడ ఆపాలో చేతికి ఆ నేల గుర్తుండబట్టి తెలిసింది. తర్వాత అక్క దోసె పెనం వేడిచేసి టైర్ల అడుగులు దానికి ఆనించి నొక్కాను. పక్కలు ఉబ్బాయి. వాసనకు రామలక్ష్మమ్మక్క పరుగెత్తుకొచ్చి, నా పెనం మీద లారీ టైర్లు కాలుస్తివి గదనే, రేపు దోసెలకు గ్రీజు పూయమంటావా అని తిట్టింది.

తిట్టి, అన్నీ బిగించాక గడప మీద కూర్చోబెట్టిన లారీని చూసి, తానూ కింద కూర్చుంది. అప్పుడు అనింది, మా ఇంట్లోవాళ్లు బండరాయి తెచ్చి గాల్లో ఎగిరేటట్టు చేస్తారు, నువ్వు ఎగిరిపొయ్యే దాన్ని తెచ్చి భూమ్మీదికి దించినావు, ఇద్దరికీ ఒకటే పిచ్చి పో అని.

మరచెంబు కన్నా తేలికైన వస్తువు అది. ఊదితే పక్కకు జరుగుతుంది. కానీ కింద కూర్చుని చూస్తే దాన్ని ఎత్తడానికి చెయ్యి వెనకాడుతుంది. ఇది ఏ ఆజ్ఞ కిందికి వస్తుందో మీరే చెప్పాలి. మీరు పైనుంచి చూశారు నాయనా. పైనుంచి చూస్తే అది బొమ్మే.

జనవరిలో సున్నిపెంట డ్యాము కాలనీ ఇంజనీరు ఒకాయన శిలాఫలకం చెక్కించడానికి షెడ్డుకు వచ్చారు. అక్క నా లారీని చెక్కుడు దిమ్మె మీద పెట్టి ఉంచింది, వచ్చేపోయేవాళ్లకు చూపించుకోవడానికి. ఆయన మాటల మధ్యలో ఆగిపోయి, ప్యాంటు మోకాళ్లు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నారు. ఎన్ని టన్నుల లోడమ్మా ఇది అని అడిగారు.

ఇంట్లో మీరందరూ ఇదేమిటన్నారు. ఆయన ఎన్ని టన్నులన్నారు. నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

వాళ్ల దగ్గర ఒక నమూనా గది ఉందట. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం బల్లమీద డ్యాము, కొండలు, నది కట్టి పెట్టారు. లారీలు మాత్రం సబ్బు ముక్కల్లా ఉన్నాయి, అంత రాయి మోసుకొచ్చారంటే ఎవరికీ నమ్మకం కుదరడం లేదు, మీరు వచ్చి చేస్తారా అన్నారు. నెల తిరగకముందే ఉద్యోగపు కాగితం పంపించారు. అక్కడి లారీలు గోరంతే ఉండాలి. గోరంత లారీకి కమాన్ కట్ట కంటికి ఆనదు. మరి దాని బరువు ఎక్కడ పెట్టాలి? నీడలోనా, చక్రం దిగబడిన మట్టిలోనా? అన్నం తింటూ కూడా నాకు ఇదే ఆలోచన.

కోవెలకుంట్ల ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మంచివాడే అయి ఉంటాడు. అన్న మీద కోపం కూడా తగ్గింది. కానీ లారీని పొయ్యిలో వెయ్యమన్న మాట ఆయన వెనక్కి తీసుకోవాలి. మీకు తీరిక దొరికినప్పుడు ఒక్కసారి ఆ మోకాలు ఓర్చుకుని, కింద కూర్చుని, దాన్ని చూడండి. అంతకన్నా నేను అడిగేది లేదు.

అమ్మకు, వదినకు నా వందనాలు చెప్పండి. అన్నకు కూడా.

ఇట్లు,
మీ కూతురు
ప్రసన్నకుమారి

తా.క. పైన ఆళ్లగడ్డ అని రాశాను. ఈ ఉత్తరం రాస్తున్నది సున్నిపెంటలో. పోయిన సోమవారమే బడి మానేసి ఇక్కడ నమూనా గదిలో చేరాను. అన్న కార్డును రామలక్ష్మమ్మక్క ఇక్కడికి పంపింది. మొదటి పంక్తిలో సున్నిపెంట అని కనిపిస్తే మీరు మిగతాది చదవకుండా అన్న చేతికిచ్చేవారు. నాతో క్వార్టర్సులో ఉండే నర్సు ఏసమ్మ గారు సెలవు మీద దొర్నిపాడుకు వస్తూ దీన్నీ, లారీనీ మీ చేతికే ఇస్తారు. కోవెలకుంట్లకు కబురు పెట్టడానికి మీకు వ్యవధి ఉంది. శుక్రవారం నేను రావడం లేదు. ఈ పని మానను.