సత్యవతి ముక్కుపుడకలో మచ్చ

విజయనగరం,
సోమవారం.

ప్రియమైన సత్యవతికి,

ముందుగా నా తెలుగును మన్నించవలెను. పగలంతా నగల దుకాణంలో గాజు బల్ల వెనుక నిలబడి, రాత్రి కళాశాలలో కునికిపాట్లు పడుతూ పట్టా సంపాదించినవాడను. నా వాక్యానికి పండితుల నడక రాదు. అయినను, ఫోను ఎత్తనని, చెప్పదలచినది రాసి పంపమని, రాతలో అయితే విసుగు పుట్టినచోట మడిచి పెట్టవచ్చునని మీ అన్న నూకయ్య బావతో కబురు చేసితివి గనుక రాయుచున్నాను. దయచేసి చివరిదాకా మడవకుము.

చీపురుపల్లిలో మీ చెల్లెలు అనూరాధ గృహప్రవేశంనాడు జరిగినదానిని నీవు అవమానమనుచున్నావు. నేను పరీక్ష అనుచున్నాను. అత్తగారు తన చెవుల రవ్వలను విడదీసి మీ అక్కచెల్లెళ్లకు చెరొక ముక్కుపుడక చేయించిన సంగతి అందరూ ఎరిగినదే. నాకు వజ్రపరీక్షలో యోగ్యతాపత్రం వచ్చిన వారమే అది. జేబులో కొత్త భూతద్దం ఉన్నది. భోజనాలు కాగానే "బావా, మా పుడకలు సూడు" అని అడిగినది అనూరాధయే. చూచితిని. కనబడినది చెప్పితిని. ఆమె రాయి ఎస్.ఐ. టూ, నీ రాయి ఐ టూ.

ఇది అలిగి కళింగపట్నం పుట్టింటికి వెళ్లిపోవునంతటి తిట్టు కాదు. వజ్రం భూమి అడుగున పుట్టునపుడు దాని కడుపులో ఏదో ఒకటి చిక్కుకొనును: నల్లని రేణువో, ఈకవంటి బీటో, మబ్బువంటి మసకో. పదింతలు పెంచి చూచినను ఏమీ కనబడనిది అగ్రశ్రేణి. మహా కష్టం మీద కనబడునది వి.వి.ఎస్., కొంత వెదికితే కనబడునది వి.ఎస్., సులువుగా కనబడునది ఎస్.ఐ., అద్దం తీసివేసినను కంటికి తెలిసిపోవునది ఐ. ఈ ఐ లో మూడు మెట్లు కలవు. నీది మధ్యది. దాని అడుగున ఇంకొక మెట్టు ఉన్నదన్న సంగతిని ఆనాడు ఎవరూ గమనించలేదు.

ఇంట్లో పప్పు మాడినది. రమ్ము.

నీ
ధనరాజు, బి.ఏ.

*

కళింగపట్నం,
బుధవారం.

మావా,

ప్రియమైన అని నాను రాయను, కోపం తగ్గలేదు. నీలాగ బి.ఏ. తెలుగు నాకు రాదు. నోటికొచ్చినట్టే రాస్తన్నాను.

అడుగున ఇంకో మెట్టు ఉన్నాదని సెప్పి నన్ను ఓదారుస్తన్నావేటి? ఆ రోజు తెల్లారగట్ల నుంచి గాడిపొయ్యి కాడ పొగలో నిలబడి, మసి మొకంతోనే వొచ్చి పుడక తీసి నీ సేతిలో పెట్టినాను. నువ్వేటి సేసినావు? అంతమందిలో గొంతు సవరించుకోని "నడుమ నల్ల మచ్చ" అన్నావు. అనూరాధ మొగుడు నరసింగరావు సప్పట్లు కొట్టినాడు. మా ఈది బుల్లమ్మత్త కాడ నుంచి అందరూ మీద పడి సూసి "అవునొలే, కనిపిస్తన్నాది" అన్నారు.

ఇప్పుడు రేవుకి పోతే బుల్లమ్మత్త నా మొకం సూడదు, ముక్కు సూస్తాది. "ఒలే, మచ్చది నీకిచ్చి మంచిది సిన్నదానికిచ్చినాదేటే మీ యమ్మ?" అంతాది. ఇది నన్నన్న మాట కాదు మావా, అమ్మనన్న మాట. ఆ మాట ఇన్న కాడ నుంచి అమ్మ సరిగ్గా తింటం లేదు. "ఇద్దరూ నాకొకటే గదే" అని గోడకేసి సూసి సెప్పుకుంతన్నాది. నాను ఆ రోజే పుడకని గుడ్డలో మూటగట్టి అమ్మ పెట్టిలో పడేసినాను. బోడి ముక్కుతో తిరుగుతన్నాను.

అమ్మకి అన్నం సయించిననాడు ఆలోసిస్తాను. అందాకా నీ పప్పు నువ్వే మాడ్సుకో.

నీ ఉత్తరం అన్న సేపల వ్యానులో వొచ్చేసరికి ఇప్పేసి ఉన్నాది, రొయ్యల కంపు. ముందు తనే సదివేసినాడు. "బావ తెలుగు బాగున్నాదే, అర్థమే కాలేదు" అన్నాడు.

సత్యవతి

*

విజయనగరం,
శుక్రవారం.

ప్రియమైన సత్యవతికి,

అత్తగారి సంగతి చదివి మనసు కలత పడినది. నేను ఆమెను ఒక్క మాట అనలేదు; రాతిని అంటిని. ఆమె ఊరట నిమిత్తం ఈ క్రింది ముక్కలు చదివి వినిపించుము.

మచ్చ ఎంతటిదో చూచినట్లే, ఎక్కడ ఉన్నదో కూడ చూడవలెను. అంచున ఉన్నదానిని బంగారు పట్టు కప్పివేయును. రాతి నడినెత్తిన, చదును ముఖం కింద ఉన్నదైతే దాచుటకు వీలు లేదు. పైగా లోపలి పలకలు అద్దాలవలె పనిచేసి ఒక మచ్చను నాలుగుగా చూపును. నీది దురదృష్టవశాత్తు నడినెత్తినే ఉన్నది. ఈ చివరి వాక్యం అత్తగారికి చదవవద్దు.

అయినను రాతి మెరుపు ప్రధానంగా సానలో ఉన్నది. చక్కగా సానబట్టిన ఎస్.ఐ. రాయి, సాన చెడిన వి.వి.ఎస్. రాయి కంటె వెలుగును. ఐ లో కూడ మూర దూరానికి తళుకే తెలియును గాని మచ్చ అంతగా తెలియదు. బుల్లమ్మత్తను మూర దూరంలో నిలుచుండుమని చెప్పుము.

"ఇంటి గొడవే కదా, ఒక మెట్టు పెంచి చెప్పరాదా" అని దుకాణంలో తోటివారు అడిగిరి. ఎట్లు పెంచెదను? ఈ వయసుకు వచ్చి నా మాటకొక విలువ ఏర్పడినది. నేడు ఇంటివారి కోసం ఒక మెట్టు జరిపితే రేపు బేరం కోసం రెండు జరపవలసి వచ్చును. నేను చూచినది ఐ టూ. అది ఐ టూ గానే ఉండును.

కవరును ఈసారి మైదాతో అంటించితిని.

నీ
ధనరాజు, బి.ఏ.

*

కళింగపట్నం,
మంగళవారం.

మావా,

కొంప మునిగింది. నీ ఉత్తరం అమ్మకి సదివినాను. నడినెత్తి మాట కూడా నోరుజారి సదివేసినాను.

అమ్మ సర్రున లెగిసినాది. అనూరాధని పిలిపించినాది. దాని పుడక ఊడదీయించి, పెట్టిలోంచి నాది తీసి, రెండూ ఒక గిన్నిలో కుంకుడు రసంలో పడేసి, బరబరా రుద్ది, గిలకొట్టి పళ్లెంలో బోర్లించినాది. "ఇప్పుడు సెప్పండే, ఏది ఎవులిది?"

సూస్తే రెండూ ఒకటే! బుల్లమ్మత్త మూర దూరంలోంచి సూసినాది, జానెడు దూరంలోంచి సూసినాది. "మొన్న ఈ కళ్లతోటే సూసినాను గదే మచ్చ" అని బుర్ర గోక్కుంతన్నాది. అనూరాధ ఒకటే ఏడుపు, "అమ్మా, మచ్చది నా పాల పడతాదేటే" అని.

అప్పుడు అమ్మ అన్నాది, "మీ ఆయన్ని రమ్మనే. మచ్చది ఏరి నా సేతిలో పెట్టమను. దాన్ని నానే పెట్టుకుంతాను. మంచిదాని కోసం మీరిద్దరూ కొట్టుకు సావండి." ఆ మాటప్పుడు అమ్మ మొకం నువ్వు సూడాల మావా.

ఆదివారం రా. మచ్చది ఏరి అమ్మ సేతిలో పెట్టినావంటే నాను ఇక్కడే ఉండిపోతాను. ఏరకపోతే నీ మాట ఇలువ పోతాది. నీకేటి కావాలో సూసుకో.

మైదా అతుకు అన్నకి లెక్కేటి. టీ గిన్ని ఆవిరికి పట్టి ఇప్పేసినాడు.

సత్యవతి

*

కళింగపట్నం,
సోమవారం.

ప్రియమైన మావా,

సూడు, రాసినాను ప్రియమైన అని.

నిన్న నువ్వు ఎండుసేపల పక్కన పీట మీద కూకోని, ఆ అద్దం కంట్లో ఇరికించుకోని అంతసేపు సూసి, సెమటలు కారిపోతంటే "రెండూ ఒకటే. రెండూ ఎస్.ఐ. టూ" అన్నావు గదా, నాకు ఏడుపొచ్చేసింది. అబద్దం నీకు సేతకాదని నాకు తెల్దేటి? సెవులు ఎర్రబడిపోయినాయి. అమ్మ కోసం నీ మాట ఇలువ తీసి ఇసకలో పారేసినావు. నరసింగరావు "అన్నయ్యగోరు సదివింది మరిసిపోనారు" అని నవ్వినా నోరెత్తలేదు.

అమ్మ ఆ పూటే కడుపు నిండా తిన్నాది. "అల్లుడంటే ఆడేనే, నా కోసం తల దించుకున్నాడు" అని ఊరంతా సెప్పుకుంతన్నాది. నువ్వు ఎల్లినాక ఇద్దరం కళ్లు మూసుకోని పళ్లెంలోంచి తలొకటి తీసి పెట్టేసుకున్నాం.

శుక్రవారం అన్న వ్యానులో వస్తన్నాను.

నీ సత్యవతి

*

విజయనగరం,
బుధవారం.

ప్రియమైన సత్యవతికి,

నీ ఉత్తరం పలుమార్లు చదివితిని. ఇంతటి మెప్పు నాకు పెళ్లినాడు కూడ దక్కలేదు. నోరు మూసుకొని జేబులో వేసుకొనవచ్చును. అట్లు చేయలేకపోవుచున్నాను. నీవు వ్యాను ఎక్కుటకు ముందే ఇది నీకు చేరవలెను.

నేను అబద్ధమాడలేదు.

మచ్చను ఏరుటకే వచ్చితిని. దానిని అత్తగారి చేతిలో ఏ మాటలతో పెట్టవలెనో దారి పొడవునా కూర్చుకొంటిని. మొదటి రాయి చూచితిని: అంచున సన్నని ఈక. రెండవది చూచితిని: అంచునే, అంతే సన్నని ఈక. నడినెత్తిన ఏమీ లేదు. తిప్పి చూచితిని, నీడకు జరిగి చూచితిని. లేదు. వజ్రం కడుపులోని మచ్చ కుంకుడు రసానికి పోదు సత్యవతీ, వంశధారలో ఏడాది నానబెట్టినను పోదు. పోయినదంటే అది లోపలిది కాదు, పైది. మసి మొకంతో వచ్చి పుడక తీసి ఇచ్చితినని నీవే రాసితివి. అది గాడిపొయ్యి మసి.

వజ్రపరీక్షలో మొదటి పాఠం, రాతిని శుభ్రముగా తుడిచి ఆపై చూడుమని. నాకు కంఠస్థం. ప్రశ్నపత్రంలో అదే ప్రశ్న వచ్చినది. పూర్తి మార్కులు తెచ్చుకొంటిని. ఆనాడు అంతమంది ముందు గొంతు సవరించుకొను హడావిడిలో తుడుచుట మరచితిని. చెవులు ఎర్రబడినది త్యాగం వలన కాదు. నరసింగరావు నవ్వినపుడు నోరెత్తనిది కూడ అందువలననే. బుల్లమ్మత్త కంటిని తప్పు పట్టవద్దు. ఆమె చూచినది నిజంగానే అక్కడ ఉన్నది.

అత్తగారికి ఒక్క సంగతి బాగుగా తెలియవలెను. ఆమె బిడ్డలిద్దరికీ సమానంగానే ఇచ్చినది. ఇది అల్లుడు జాలిపడి తల దించుకొని ఇచ్చిన తరగతి కాదు. పదింతలు పెంచి చూచి ఇచ్చినది. తుడిచిన రాతిని చూచి ఇచ్చినది. జాలి మాట రేపెవరైనా కాదనవచ్చును, దీనిని కాదనలేరు.

ఒక రాతిలోని ఈక కొద్దిగా వంపు తిరిగి ఉన్నది. మొదట అనూరాధకు ఇచ్చినది ఏదో నాకు తెలియును. ఎవరడిగినను చెప్పను.

ఇది చదివిన పిదప వ్యాను ఎక్కుటయో మానుటయో నీ ఇష్టం. పప్పును మాడకుండ దించుట మాత్రం నేర్చుకొంటిని.

నీ
ధనరాజు

తాజా కలం: నీవు చదివిన పిదప దీనిని అత్తగారికి బిగ్గరగా చదివి వినిపించుము, ఈసారి ఏ వాక్యమూ విడువవద్దు. తరువాత రేవులో బుల్లమ్మత్తకు. అటుపై చీపురుపల్లికి పంపుము. అనూరాధ చదివి భర్తకు ఇచ్చును. ఆయన నవ్వుట ముగించిన పిదప నాకు తిరిగి రావలెను. ఇక అందరికంటె ముందు దీనిని చదువుచున్న నూకయ్య బావా, ఇక్కడిదాకా వచ్చితివి గనుక చేతులు తుడుచుకొని, కవరు మళ్లీ అంటించి, శుక్రవారానికి ముందే మీ చెల్లెలికి అందజేయుము.