చెరకు బళ్ల వరసలో వెలుగు

ఆదివారం, రాత్రి

ఏలియన్ల సీరియల్లో ఈ రోజు ఆకాశంలోంచి దిగిన వెలుగు అందులోని తాతని ఎత్తుకుపోయింది. ప్రభుత్వం దాచేసిన ఆ సంగతి కోసం కొడుకు, తర్వాత మనవడు వెతుకుతారు. నేను నవ్వబోతుంటే పక్కన మావయ్య మెల్లగా అన్నారు, "ఆ రోజు నేను నిద్దరోనేదమ్మా."

ఏ రోజో ఇంట్లో అందరికీ తెలుసు. వయసులో ఉండగా గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బళ్ల వరసలో కునుకు తీసి వంతు పోగొట్టుకున్నారని నలభై ఏళ్లుగా ఆయన్ని ఆటపట్టిస్తున్నారు. కోడలిగా వచ్చాక నేనూ మొదలుపెట్టాను.

"తెల్లారగట్ల పక్కనున్న సెరకు తోట మీద వెలుగు దిగింది. ఎడ్లు రెండూ మోకాళ్ల మీద కూకున్నాయి. మళ్లీ సూసేసరికి ముందు బళ్లన్నీ ఎలిపోయేయి. నిద్దరోయేనంటే తిట్టి ఊరుకుంటారు. వెలుగంటే పిచ్చోడంటారు."

ఇన్నేళ్లూ మా నవ్వుల మధ్య అంత పెద్ద సంగతి పెట్టుకుని ఒక్కరే కూర్చున్నారు. మా ఆయనకి చెప్పాలా, వద్దా... మళ్లీ నవ్వితే?

టీవీ ఆపబోయాను. తెర మీది గుండ్రటి వెలుగుని చూపిస్తూ, "అలగ ఉండదమ్మా" అన్నారు.

రిమోట్ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.