డోర్ లోపలి బొట్టు

శీనన్నా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ చేసిన పని నీకు తప్ప ఎవరికి చెప్పను?

ప్రసాద్ అంకుల్ కారు మళ్లీ మన ఓక్‌విల్ గ్యారేజీకి వచ్చింది. అదే, ఫ్యాక్టరీ వాళ్లు ట్రయల్ కోసం చేసి, అమ్మకానికి పెట్టకుండా వదిలేసిన, పెద్ద ఇంజిన్ పాత మజిల్ కారు. లోకంలో అలాంటిది అదొక్కటే అంటాడు. పోయిన దసరాకి మన పానాలకీ జాకీలకీ పెట్టినట్టే దాని బానెట్ మీదా నువ్వు బొట్టు పెట్టావు. "ఇదేమన్నా ఆటోనా, బొట్టు పెట్టడానికి?" అని అందరి ముందూ నీ చేతనే తుడిపించాడు. మన ఓనర్‌కి చెప్పి నీ పని తీయించాడు. ఆ చలికాలమే వేరే పని కోసం సార్నియా ఊరికి వెళ్తుంటే ఈ దేశపు మంచులో కారు జారి నువ్వు పోయావు.

ఇవాళ మళ్లీ దసరా. కారు అద్దం దిగడం లేదని తెచ్చాడు.

"జాగ్రత్త బాబూ, ఇందులో ప్రతి నట్టూ ఫ్యాక్టరీదే."

"అట్లనే అంకుల్."

డోర్ ప్యానెల్ విప్పి అద్దం బాగుచేశాను. తర్వాత లోపలి రేకుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చెరగకుండా పైన రంగులేని వార్నిష్, అదే క్లియర్ కోట్, కొట్టాను. ఆరేదాకా ఆగి ప్యానెల్ బిగించాను.

"ఏమన్నా మార్చావా?" అన్నాడు.

"లేదంకుల్, అంతా ఒరిజినలే."

కార్ షోల్లో ఫొటోలకి ఎప్పుడూ ఆ డోర్ మీదే చెయ్యి వేసి నిలబడతాడు కదా. ఇకనుంచి ఆ చేతి కింద నీ బొట్టు ఉంటుంది. ఎప్పుడైనా అది కంటపడినా, తుడిపించడానికి ఆయనకి నువ్వు దొరకవు.