వీధి చివరి బడి

జూన్ మూడు. బట్టలు ఉతికాను. నీ గది కడిగాను. నీ పరుపు ఎండలో వేశాను.

ప్రియమైన పిచ్చుకకు,
ఉత్తర్వు వచ్చేసింది! పిల్లలంతా ఇంటి దగ్గరి బడిలోనే చదవాలట. ఆరేళ్లుగా అర్జీలు పెట్టీ పెట్టీ నా చెప్పులరిగాయి. ఇక హాస్టల్ లేదు. మన వీధి చివరే బడి. గంట కొడితే వంటింట్లోకి వినిపిస్తుంది.
ప్రేమతో, అమ్మ

ప్రియమైన అమ్మకు,
గంట నీకు వినిపిస్తే నాకేమిటమ్మా? ఇక్కడ అందరం చెవిటి పిల్లలమే. వంటమనిషి కూడా చేతులతోనే తిడుతుంది. అక్కడ నాతో అలా మాట్లాడేదెవరు? నీకే రాదు. సెలవులకొస్తే పలక మీద రాసుకోవడమేగా మనం!
నీ పిచ్చుక

ప్రియమైన పిచ్చుకకు,
ఎందుకే ఆ గుబులు? సంజ్ఞలు వచ్చిన టీచరమ్మను వేస్తామన్నారు. పెట్టె సర్దుకో. ఎల్లుండి నాన్న వస్తారు.
అమ్మ

అమ్మా,
ఈ చీటీ ఖాళీ టిఫిన్ డబ్బాలో పెడుతున్నాను. పలక మీద రాస్తే తుడిచేస్తావు.
అక్టోబరు వచ్చింది, టీచరమ్మ రాలేదు. ఇవాళ క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నన్ను చూసే నవ్వారని తర్వాత తెలిసింది. రోజూ ‘బడి బాగుంది’ అని నీకు రాసింది అబద్ధం. నన్ను పాత బడికి పంపించెయ్యమ్మా.
పిచ్చుక

అక్టోబరు పన్నెండు. గిన్నెలు తోమలేదు. ఇల్లు ఊడవలేదు. రోజంతా విద్యాశాఖ ఆఫీసులోనే.

ప్రియమైన పిచ్చుకకు,
“టీచరు ఏరండీ?” అంటే, “పోస్టు ఉందమ్మా, మనిషే లేరు” అన్నాడు గుమాస్తా. పాత బడికి పంపమన్నాను. “అది దూరం. దగ్గర బడి కావాలని గోల పెట్టింది మీరేగా!” అని నా అర్జీలే నా ముందు పడేశాడు. ఒళ్లు మండిపోయింది.
“ఇంటికీ బడికీ దూరం కొలిచారు. మా పిల్లతో మాట్లాడే మనిషి ఎంత దూరంలో ఉందో కొలిచారా?” అని కుర్చీలోంచి లేవలేదు. తాళం వేసే వేళకు అధికారి విసుక్కుంటూ నిన్ను పాత బడికి పంపే కాగితం మీద సంతకం పెట్టారు.
సోమవారం వెళ్దాం. నేనూ కొన్నాళ్లు అక్కడే ఉంటాను. మీ వంటమనిషికి కూరలు తరిగిపెడతాను, ఆవిడ నాకు చేతులతో మాట్లాడటం నేర్పాలి. తిట్లతోనే మొదలుపెట్టనీ.
అమ్మ

ప్రియమైన అమ్మకు,
ఇన్నాళ్లూ ఇక్కడుండి నిన్న నువ్వు ఇంటికి బయలుదేరినప్పుడు, నీ బస్సు కిటికీ అద్దం మూసే ఉంది. మిగతా అమ్మల మాటలు అద్దం వెనకే ఉండిపోయాయి. నువ్వు మాత్రం చేతులతో, “వేళకి తినవే, మొద్దూ!” అని అందరి ముందూ తిట్టావు. పలక లేకుండా నువ్వు నన్ను తిట్టడం ఇదే మొదలు. ఇక్కడంతా ఒకటే నవ్వు. ఈసారి ఎందుకో నాకు తెలుసు.
ఆరేళ్లుగా నువ్వు నాకు బాకీ పడ్డ తిట్టు ముట్టింది.
నీ పిచ్చుక