ఓవర్సీరు ఎవరింట్లో తింటాడు

లక్డారం,
1955 జనవరి 20

బిడ్డా యాదగిరీ,

మీ నాయిన దీవెనలు. మేము బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకొని చదువు.

చెరువుకట్ట కొలవడానికి సంగారెడ్డి నుంచి వచ్చే ఓవర్సీరు నువ్వేనని పటేలుకు కాగితం వచ్చింది. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. సర్కారు మనిషి వస్తే ఏం చేయాలో నీకు తెలుసు. తూము తీసి నీళ్లు పంచే నీరడే పటాన్‌చెరులో బస్సు దగ్గరకు ఎదురు పోవాలి. పెట్టె నెత్తిన పెట్టుకొని ముందు నడవాలి. వచ్చినాయన పటేలు ఇంట్లో తింటాడు, నీరడి వాకిట్లో నిలబడతాడు. ఇప్పుడు వచ్చినాయనవు నువ్వు. నీరడిని నేను.

చావడి దగ్గర పదిమందిలో పటేలు అన్నాడు: "చిన్నరాములూ, కొడుకు పెట్టె తండ్రే మొయ్యాలె. నౌకరీ అంటె నెలకూలే గద. ఫస్టు తారీకు పండుగ, ఇరవయ్యో తారీకు ఉపాసం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకో మాట. మొన్న పండుగకు వచ్చినప్పుడు నీ చేతి గడియారం ఊరంతా చూసింది. ఓవర్సీర్లు గుత్తేదారుల దగ్గర తింటారని అనుకుంటున్నారు. నాకు నిజం చెప్పు. అది ఎక్కడిది?

నువ్వు రావద్దు. ఇంకెవరినైనా పంపు.

మీ నాయిన
చిన్నరాములు

సంగారెడ్డి,
జనవరి 24

నాయినా,

నీకూ అమ్మకూ దండాలు.

గడియారం మాట ఊరు అడిగితే నవ్వి ఊరుకునేవాడిని. నువ్వు అడిగావు. పోయిన ఎండాకాలం నుంచి దసరా దాకా పొద్దటి తిండి మానేసి కొన్నాను. ఒక గుత్తేదారు నెయ్యి డబ్బా పంపితే అదే మనిషితో తిప్పి పంపాను. అందుకే ఆఫీసులో నన్ను సన్యాసి అంటారు.

పటేలుకు భూమి వాళ్ల తాత ఇచ్చాడు. ఆ తాతకు ఎవరిచ్చారో ఊళ్లో ముసలివాళ్లకు తెలుసు. నాకు ఎవరూ ఇవ్వలేదు. పరీక్ష రాసి, ఎండలో గొలుసు పట్టుకొని కొలిచి సంపాదించుకుంటున్నాను. ప్యాంటు వేసుకుంటాను, సినిమాకు పోతాను. సిగ్గుపడమంటే పడను.

నేను వస్తాను. పెట్టె నేనే మోసుకుంటాను. మన ఇంట్లోనే తింటాను. పటేలు చూస్తే చూడనీ.

నీ కొడుకు
యాదగిరి

లక్డారం,
జనవరి 28

బిడ్డా,

గడియారం మాట అడిగిన నా నోరు పడిపోవాలి. అయినా నా మాట విను. నువ్వు కొలిచి పోతావు. మేము ఈ ఊళ్లోనే ఉండాలి. నీరడి పనికి ఇచ్చిన మాన్యం రెండెకరాలు ఉంచడం, తీసెయ్యడం పటేలు చేతిలో ఉంది. నీకు దండం పెడతాను, రాకు. వచ్చేవాడికి నేను నీ తండ్రినని చెప్పకు.

నాయిన

సంగారెడ్డి,
ఫిబ్రవరి 2

నాయినా,

నువ్వు దండం పెట్టాక నేనేం చేయను? నా బదులు కమాలుద్దీన్ వస్తున్నాడు. నా తోటి ఓవర్సీరే. నీ సంగతి చెప్పలేదు. జ్వరమని ఆఫీసులో చెప్పాను. నౌకరీలో నేనాడిన మొదటి అబద్ధం అది.

యాదగిరి

లక్డారం,
ఫిబ్రవరి 11

బిడ్డా యాదగిరీ,

కమాలుద్దీన్ వచ్చి పోయాడు. అతను నీకు చెప్పే ఉంటాడు. నేనూ చెప్పాలి.

బస్సు దగ్గరకు ఎదురు పోయాను. పెట్టె మోశాను. దారిలో ఆ అబ్బాయి తాను తాగేముందు నాకు నీళ్లు ఇచ్చాడు. కట్ట సగం కొలిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పటేలు అరుగు మీద విస్తరి వేసి కోడికూర వడ్డించారు. నేను వాకిట్లో నిలబడ్డాను. నీకు జ్వరమని, అందుకే తాను వచ్చానని అతను మాటల్లో అన్నాడు. పటేలు నన్ను చూపించాడు.

"మీ యాదగిరి గీ నీరడి కొడుకే సాబ్. జ్వరం గిరం ఏం లేదు. గడియారం పెట్టుకున్నోనికి గోచీ తండ్రిని సూడాల్నంటె సిగ్గయింది."

అక్కడున్నవాళ్లు నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు.

"సిగ్గు వానికి కాదు పటేలా, నాకయింది," అన్నాను. "వాడు వస్తనన్నడు. నేనే దండం పెట్టి ఆపిన. ఆ గడియారం వాడు కడుపు మాడ్చుకొని కొన్నడు. నీ ఇంట్ల ఒక్క గిన్నె సూపెట్టు, నువ్వు పస్తుండి కొన్నది."

కమాలుద్దీన్ చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. లేచి చెయ్యి కడుక్కొని వాకిట్లోకి దిగాడు. "చాచా, ముందుగాల నాకు చెప్పొద్దా?" అని పెట్టె తానే అందుకున్నాడు. మన ఇంటికి వచ్చి తిన్నాడు. మీ అమ్మ దగ్గర జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తప్ప ఏమీ లేవు. మూడు రొట్టెలు తిన్నాడు. మిగతా కట్ట నువ్వే వచ్చి కొలవాలని చెప్పి బస్సుకు పోయాడు.

సాయంత్రం పటేలు కబురు పంపాడు, నీరడితనం వద్దు, మాన్యం వదులుకొమ్మని. తూము ఎవరికి అప్పగించాలో వాళ్లను పంపమన్నాను. ఇంతవరకు ఎవరూ రాలేదు. పొలం పోతుందేమో. పోతే కూలికి పోతాను. ఇన్నేళ్లూ ఆయన ఏమంటాడో అని బతికాను. అననే అన్నాడు. నేను బతికే ఉన్నాను.

నా కోసం నువ్వు అబద్ధమాడావు. మీ పెద్దసారుకు నిజం చెప్పు, మా నాయిన భయపడి ఆపాడని చెప్పు. కట్ట సగం మిగిలింది కదా, వచ్చే నెల అది నువ్వే కొలువు. మన ఇంట్లో తిను. ఊరంతా చూడనీ.

బస్సు దగ్గరకు నేను రాను. ఇంటి ముందు మంచం మీద కూర్చొని ఉంటాను. సర్కారు మనిషి వచ్చాడని లేవను. కొడుకు వస్తే తండ్రి లేచి నిలబడడు.

మీ నాయిన
చిన్నరాములు