ఒంటెద్దుకు జత

జూన్ 16, సోమవారం

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు తప్పిపోతాయి. ఏడో తరగతితో ఆగిన చెయ్యి ఇది, చదివేవాళ్ళెవరైనా ఉంటే మన్నించాలి. చదవడానికి ఎవరూ లేరు. అయినా ముందే అడిగేస్తే ధైర్యంగా ఉంది.

ఎందుకు రాస్తున్నానంటే, ఈరోజు నేను ఇల్లు దాటి పనికి వెళ్ళాను. అంగన్‌వాడీకి! అక్కడి ఆయమ్మ మోకాళ్ళ నొప్పులతో మానేసింది. కొత్త మనిషి వచ్చేదాకా వంటకు నన్ను పంపమని టీచర్ నాగలతక్క మా అత్తను అడిగింది. మా అత్త వెంకటేశ్వరమ్మ. ఆమె గొంతు వింటే వీధి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. అమావాస్య పండగ దాకా పోనీలే, ఆ తర్వాత టమాటా తోటలో శానా పని ఉండాది, అంది. పండుగ దాకా చాలు అనుకున్నాను.

చాలదు. ఒక్కరోజుకే తెలిసిపోయింది.

పిల్లలు వన్ టూ త్రీ అని ఇరవై దాకా ఒకే ఊపిరిలో అరుస్తారు. మూడు శెనక్కాయలు ఇవ్వమని చెయ్యి చాపితే గుప్పెడు పోస్తారు. ఎంత నవ్వానో. నేను నవ్వితే వాళ్ళు ఇంకో గుప్పెడు పోశారు.

జూన్ 17

సాంబారులో ఉప్పు మరిచిపోయాను. పిల్లలు తిన్నారు. నాగలతక్క తినలేదు.

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం

పిల్లలు పడుకున్నారు. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను.

పొద్దున నాగలతక్క ఫోన్లో వీడియోలు చూపించింది. ఎక్కడో దేశంలో పండుగ వస్తే రంగు గుడ్లు లెక్కపెట్టిస్తారు, చెట్టుకు అంకెలు వేలాడదీస్తారు. ఆటలోనే లెక్క వచ్చేస్తుంది. మంగళవారం సూపర్‌వైజర్ స్వర్ణలత మేడం వస్తాండాది, మనం ఏం చూపిస్తామే, అని అక్క తల పట్టుకుంది. మన పండుగకు మట్టి ఎద్దులు ఉన్నాయి కదక్కా, అన్నాను. నేనే అన్నాను. అని, నోరు మూసుకున్నాను.

ఈ ఊళ్ళో ఆ అమావాస్యకు మట్టితో ఎద్దులు చేసి ఇంట్లో పెట్టి పూజ చేస్తారు, వానలు పడి సేద్యం సాగాలని. మా పుట్టిల్లు బేతంచెర్లలో నేను చూడలేదు. మా నాన్నది బండల పాలిష్ పని. మా వీధిలో లారీలు ఆగేవి, ఎద్దులు కాదు. పెళ్ళయ్యాక పోయిన ఏడే మొదటిసారి చూడటం.

అక్క సరే అంది. వంకలో నుంచి జిగట మన్ను తెచ్చి అందరి ముందూ ముద్దలు పెట్టాను. కాళ్ళకు కందికట్టె ముక్కలు నాలుగు. కళ్ళకు జొన్నగింజలు రెండు. తోక ఒకటి. సుజన అని ఒక పిల్ల ఉంది, నాలుగేళ్ళుంటాయేమో, దాని ఎద్దుకు ఐదు కాళ్ళు గుచ్చింది. లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఆగింది. నా ముఖం చూసింది. ఐదో కాలు పీకి వెనక గుచ్చి, ఇది తోకక్కా, అంది!

పరిగెత్తుకెళ్ళి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను? డైరీ, నీకే.

జూన్ 20, శుక్రవారం

సెంటర్ అరుగు బండల మీద సుద్దతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాను. ఒకటి మీద ఒక ఎద్దు, రెండు మీద రెండు, అలా ఐదు దాకా. ఎండలో అవి ఆరుతుంటే ఎంత అందంగా ఉన్నాయో. నాగలతక్క ఫోటో తీసింది. మేడం మెచ్చితే ఆయా పోస్టుకు నీ పేరే రాయమంటా, అంది.

ఒక్కటే లోపం. సుజన తెలివైన పిల్ల కదా, నాలుగు ఎద్దులు చూపించి ఎన్ని అంటే రెండు అంటోంది. వేలు పట్టి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టించాను. నా వేలు వదలగానే మళ్ళీ రెండే.

ఈయనకు చెప్పాను, నాకు పోస్టు రావచ్చని. ఈయన పేరు పరమేష్, పత్తికొండ మార్కెట్‌కు టమాటా ఆటో తోలుతారు. మే, నీకు నోరు ఉండాదని వాళ్ళకెట్ల తెలిసిండాది, నాకే రెండేండ్లు పట్టె కదా, అని నవ్వారు.

జూన్ 21, శనివారం

అయిపోయింది.

సుజనను తీసుకుపోవడానికి వాళ్ళ అవ్వ వచ్చింది. అరుగు చూసి బుట్ట కింద పడేసింది. ఎవరే ఈ పని చేసింది, ఒంటెద్దును నిలబెట్టినారే, వాన రావాల్సిన దినాల్లో ఒంటెద్దా, అని అరిచింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకటి దగ్గర ఒంటెద్దు. మూడు దగ్గర ఒంటెద్దు. ఐదు దగ్గరా ఒంటెద్దే. ఎద్దు ఎప్పుడూ జతగా ఉండాలట. జతలో ఒకటి పోతే ఆ రైతు గట్టు మీద కూర్చోవలసిందేనట. అమావాస్య ముందర అట్లాంటి బొమ్మ చేసేవాళ్ళు ఉండరట. నాకెవరు చెప్పారు? మా వీధిలో లారీలకు జత ఉండదు.

కింద పడ్డ బుట్ట ఎత్తి ఆమె చేతికిచ్చాను.

నేను ఇంటికి వచ్చేసరికి కొళాయి దగ్గరి నుంచి సంగతి మా అత్తకు చేరింది. మా ఇంటి కోడలు ఊరికంతా ఒంటెద్దులు చేసి పెడతాండాదంట, నా తల యాడ పెట్టుకోవాల, అంది. సోమవారం నుంచి వెళ్ళవద్దంది. ఆమెకు తోటలో పనిమనిషి కావాలి, దానికి ఇదొక సాకు. ఇది రాయకూడదు. రాసేశాను.

జూన్ 22, ఆదివారం, పొద్దున

అత్త మాట్లాడటం లేదు. గిన్నెలు మాట్లాడుతున్నాయి.

అదే రోజు, సాయంత్రం

రాయకుండా ఉండలేను!

అత్త వాకిట్లో కూర్చుని పండుగకు ఎద్దులు చేస్తోంది. మన్ను కలిపి ఇచ్చాను, వద్దనలేదు. ఒక ఎద్దు చేసి పక్కన పెట్టి, దాని వీపు ఎత్తు, కొమ్ముల బారు చూసి రెండోది చేస్తోంది. ఎన్ని చేస్తావత్తా అన్నాను. రెండు కాండ్లు, అంది. లెక్క కడితే నాలుగు ఎద్దులు. కాడికి రెండేసి.

సుజన! వాళ్ళింట్లో ఎద్దులున్నాయి. ఆ పిల్ల లెక్కపెట్టింది కాండ్లను. రెండు అంటే రెండే కదా! నేనేమో పాపం దాని వేలు పట్టి లాగాను.

ఒంట్లోకి ఏం వచ్చిందో తెలియదు. అత్తా, ఆ ఒంటెద్దులకు జత చేసి పెడితే దోషం పోతుందా, అన్నాను. పోతాది, అంది. నాకు సరిజోడు చేయడం రాదు, రేపు నువ్వు వచ్చి పిల్లల చేత చేయించు, అన్నాను. అత్త నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేను ఈ ఇంట్లో ఇంత పొడుగు మాట మాట్లాడలేదు. చేతి మన్ను దులుపుకుని, చూస్తాం పో, అంది.

జూన్ 23, సోమవారం

వచ్చింది!

వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒకటి అంకె దగ్గరి ఎద్దును ఎత్తి, ఇదేందప్పా ఇట్ల ఏడుస్తాండాది, అంది. జత లేదవ్వా, అని పిల్లలు. అయితే ఎన్ని కావాల? ఇంకొకటి! మూడు దగ్గరికి పోయింది. రెండింటిని పక్కకు జరిపి, ఈళ్ళకేం పర్వాలేదు, ఈడు ఒంటిగా ఉండాడు, ఎన్ని కావాల? ఇంకొకటి! రెండు దగ్గరా, నాలుగు దగ్గరా ఏమీ వద్దు అని పిల్లలే ముందు చెప్పేశారు. ఒకడు మాత్రం నాలుగుకు కూడా ఇంకొకటి కావాలన్నాడు. అప్పుడు ఆ ఒకటి ఏడవదా, అని సుజన వాడిని గిల్లింది.

ఒకటికి ఒక మట్టెద్దు, మూడుకు ఒకటి, ఐదుకు ఒకటి, పిల్లలే చేశారు. అత్త సరిజోడు కుదిర్చింది. కందికట్టెలతో కాడి కట్టింది. నేను పొయ్యి మీద అన్నం మరిచిపోయాను, అడుగంటింది. ఎవరూ తిట్టలేదు. సుజన వాళ్ళ అవ్వ వచ్చి చూసి, ఇప్పుడు బాగుండాయి, అని కూర్చుని తమలపాకు నమిలింది.

రేపు మేడం. టెన్షన్.

జూన్ 24, మంగళవారం

మేడం అటు పోగానే డైరీ తీశాను.

స్వర్ణలత మేడం చాలా నెమ్మదైన మనిషి. అంతా చూసి, నాలుగు ఎద్దుల దగ్గర సుజనను పిలిచి ఎన్ని అమ్మా అంది. రెండు, అంది సుజన, గట్టిగా. మేడం నవ్వు తగ్గింది. చేతిలోని పెన్ను కదిలింది. నాగలతక్క నన్ను చూసింది. నేను నేల చూశాను. ఆ పెన్ను రాసేస్తే నా పేరు పోతుంది, పర్వాలేదు, కానీ ఆ పిల్ల తప్పు చెప్పిందని రాస్తుంది కదా. అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

మేడం, అన్నాను. గొంతు వచ్చింది. ఆ పిల్ల కాండ్లు చెప్పింది మేడం. ఎద్దులు ఎన్ని అని అడగండి.

మేడం అడిగింది. ఎద్దులు నాలుగు, కాండ్లు రెండు, అంది సుజన, ఇది కూడా తెలియదా అన్నట్టు. మేడం ఆగి, ఒక ఎద్దు నీళ్ళు తాగడానికి పోతే, అంది. సుజన ఆలోచించింది. ఒక కాడి మడక దున్నుతాది, మిగిలిన ఎద్దు ఊరికే నిలబడి ఉంటాది, అది వచ్చేదాకా.

మేడం కింద కూర్చుంది. పట్టుచీరతో, బండ మీదే! తర్వాత అందరూ ఒకేసారి అరిచారు, ఎవరు ఏమన్నారో రాయలేను. పోయేటప్పుడు నా పేరు, ఎంతవరకు చదివానో అడిగింది. ఆయా పోస్టుకు రాసి పంపుతానంది. వస్తుందో రాదో చెప్పలేనంది.

అప్పటిదాకా అత్త నన్ను పంపాలి కదా. ఆ సంగతి మేడంకు చెప్పలేదు.

జూన్ 25, బుధవారం, అమావాస్య

ఓళిగలు చేశాం. ఎద్దులకు పసుపు, కుంకుమ. మబ్బు పట్టింది, వాన పడలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు.

భోజనాలయ్యాక అత్త ఈయనతో, తోటకు ఒక కూలి మనిషిని మాట్లాడప్పా, అంది. ఈయన ముద్ద నోటి దగ్గర ఆపి, ఈమె ఉండాది కదా, అన్నారు. దానికి సెంటర్‌లో పని ఉండాది, అంది అత్త. వంటింట్లోకి పోయి తలుపు వెనక నిలబడి నవ్వాను. గట్టిగా వచ్చింది, చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

జూన్ 26

నాకంటే ముందే అత్త సెంటర్‌కు వెళ్ళిపోయింది. పిల్లల చేత మట్టి గొర్రెల మంద చేయిస్తుందట. రోజూ వస్తుందట. పలకమీద అంకెలు చూసి, నాకూ ఇవి రాయడం చెప్పు, అంది. అంకెలయ్యాక అక్షరాలట. నేర్చుకుంటే అన్నీ చదువుతుంది, దీన్ని కూడా.

ఈ డైరీ ఎవరికి దొరికినా సరే, దయచేసి పొయ్యిలో పెట్టండి.