బోల్తా

జులై 27, 1999

యుద్ధం అయిపోయిందట. నిన్ననే ప్రకటించారు. పొద్దున షట్టరు ఎత్తకముందే అంగడి ముందు జనం. గాంధీరోడ్డులో ఊరేగింపు, నాలుగు కాళ్ల మండపం దగ్గర సభ, కాలేజీ పిల్లల ర్యాలీ... అందరికీ మా మైకు సెట్టే కావాలి. హారన్లన్నీ అద్దెకు పోయాయి. పెళ్లికి ఒప్పుకున్న బాక్సులు కూడా పోయాయి. మా అనౌన్సరు కాదర్ ఆటోలో కూర్చుని అరిచి అరిచి సాయంత్రం బొంగురు గొంతుతో దిగాడు.

"గెల్సినామన్నా!"

గెలిచాం సరే. కార్గిల్‌లో ఉన్న తమ్ముడి దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. నెల దాటింది.

అమ్మ గడప మీద నుంచి లేవదు. "అయిపోయిందంటా ఉండారు గదా. మరి నా కొడుకు యాడ?"

జులై 31

బతికున్నాడు! రత్నం బతికే ఉన్నాడు!

అంగడికి ఫోను. మిలిటరీ ఆసుపత్రి నుంచి. అంతా హిందీ, గరగరలాడే లైను. తిరుమల కొండకు వచ్చే వాళ్లకు దారి చూపించే హిందీ నాది — సీదా, ఇధర్, ఉధర్. అయినా అర్థం చేసుకున్నాను. ఫిరంగుల దగ్గర గుండు పడింది. కాళ్లూ చేతులూ బాగున్నాయి. ఎడమ చెవి వినబడదు. తర్వాత "బోల్తా నహీ, బోల్తా నహీ" అని రెండు మూడుసార్లు చెప్పాడు. పాపం, బండి బోల్తా పడలేదని ధైర్యం చెబుతున్నాడు. "అచ్ఛా, బహుత్ అచ్ఛా" అన్నాను. అవతల మనిషి "క్యా?" అని ఫోను పెట్టేశాడు.

అమ్మకు చెప్పాను: "బండి బోల్తా పడలేదంటమ్మా. ఏం భయం లేదు." అమ్మ గంగమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంది.

ఆగస్టు 22

రేణిగుంట స్టేషను. ఎలా రాయాలో తెలియడం లేదు.

మా వార్డు నాయకుడు దండలు తెచ్చాడు, టపాసుల సరాలు తెచ్చాడు. నేను ఊరుకుంటానా? సొంత తమ్ముడు. ఉన్నవాటిలో పెద్ద హారన్లు తెచ్చి ప్లాట్‌ఫారం గేటు దగ్గరే కట్టాను. ఫుల్లు సౌండు. రత్నం దిగాడు. సరం అంటించారు. అదే క్షణంలో మైకు కుయ్‌మని కూసింది.

రత్నం రెండు చేతులతో తల పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మెడలో దండ.

పరుగెత్తి వైర్లు పీకేశాను. "రత్నం, నేన్రా, అన్నను" అన్నాను. నా మొహం చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

వాడితో వచ్చిన సిపాయి దగ్గర కాదర్ ఏదో అడిగి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "అన్నా, బోల్తా నహీ అంటే బండి కాదన్నా. మాట్లాడడు అని. ఆ దినం నుంచీ మాట్లాడనే లేదంట."

నా హిందీ మీద మన్ను పడ!

ఆగస్టు 25

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. బయట దండలు, సన్మానాలు. ఇంట్లో వాడు గోడకు ఆనుకుని కూర్చుంటాడు. అన్నం పెడితే తింటాడు, పిలిస్తే కుడి చెవి తిప్పుతాడు.

పట్టాళానికి పోయేటప్పుడు వాగుడుకాయ వాడు. చిన్నప్పుడు మైకు టెస్టింగుకు వాడే కావాలి. నాయన అందరిలా ఒన్ టూ త్రీ అనేవాడు కాదు. "గంగమ్మ తల్లీ, ఇనపడతా ఉండాదా?" అనేవాడు. చివరి హారను కింద నిలబడి రత్నం, గంగమ్మ తరఫున వకీలులాగా, "ఇనపడతా ఉండాది నాయనా!" అని వీధంతా దద్దరిల్లేలా అరిచేవాడు. హారన్ కన్నా వాడి గొంతే పెద్దదని నాయన నవ్వేవాడు. నాయన పోయాక నేను ఒన్ టూ త్రీలోకి దిగాను. జవాబు చెప్పేవాడు పట్టాళంలో ఉంటే ఎవర్ని అడగాలి?

గొంతులో ఏ లోపమూ లేదని డాక్టర్లు రాశారు. సంవత్సరం సెలవు. వచ్చే ఆగస్టులో పూనాలో మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. మాట వస్తే మళ్లీ డ్యూటీ. రాకపోతే ఇంటికి పంపేస్తారు.

రోజూ పొద్దున్నే బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. వాడికేం కావాలో అడగనక్కర్లేదు.

సెప్టెంబరు 9

ఎలక్షన్లు. ఏ పార్టీ సభ అయినా మొదటి మాట కార్గిలే. మా మైకులు మాత్రం అన్ని పార్టీల మాటా ఒకేలా వినిపిస్తాయి.

మా నాయకుడు వచ్చాడు. రత్నం యూనిఫారంలో స్టేజీ ఎక్కాలట. "రెండు మాటలు చాలు." మాట రాదు సార్ అన్నాను. "అయితే ఊరికే నిలబడినా చాలబ్బా."

నిలబడ్డాడు. సెల్యూట్ చేసి కూర్చున్నాడు. చప్పట్లు. దిగేటప్పుడు నాయకుడు పక్కవాడితో అంటున్నాడు — "చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది" — మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయి. మైదానమంతా వినింది. రత్నం కుడి చెవి కూడా వినింది.

ఆంప్లిఫయరు అక్కడే తీసి ఆటోలో పెట్టాను. "సభ ఇంకా కాలేదప్పా" అన్నారు. నాకు అయిపోయింది.

అక్టోబరు 7

ఫలితాలు వచ్చాయి. ఊరేగింపులు. టపాసులు. రత్నం లోపలి గదిలో. వసంత తలుపుల సందుల్లో పాత చీరలు కుక్కింది. ఏమీ చెప్పకుండానే. నా పెళ్లాం మీద ఇంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

నవంబరు 6

ఒరిస్సాలో తుఫాను. పేపరు చూడలేకపోతున్నాం. కాదర్ ఆటోకు మైకు కట్టి వీధి వీధీ తిరుగుతున్నాడు. బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు. "అమ్మలారా, అక్కలారా..." జనం ఇస్తున్నారు. పూలమ్మే ఆమె తను కప్పుకున్న దుప్పటే తీసి ఇచ్చింది.

రత్నం ఇంట్లోంచి లేచి వచ్చాడు. ఆటో వెనక ఎక్కాడు. మూటలు అందుకున్నాడు సాయంత్రం దాకా. మైకు నెత్తి మీదే మోగుతున్నా దిగలేదు.

ఇంటికొచ్చి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అమ్మ మొహం చూడాలి.

డిసెంబరు 29

హైజాక్ చేసిన విమానం ఇంకా కాందహార్‌లోనే. టీవీ అంగళ్ల ముందు జనం. మళ్లీ యుద్ధమంటారా? అని ఒకరు. రత్నం అందరి వెనకాల నిలబడి చూస్తున్నాడు. పిడికిళ్లు బిగించి.

జనవరి 1, 2000

ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. మా ఆంప్లిఫయరు ఆగలేదు. విమానంలోవాళ్లు నిన్న ఇళ్లకు వచ్చేశారు. కొత్త వేయి సంవత్సరాలట. మాకు ఎనిమిది నెలలు చాలు తల్లీ.

మార్చి 20

పరీక్షలు. మైకులు బందు. అంగట్లో రిపేర్లు. రత్నం సోల్డరింగు పట్టుకున్నాడు. చచ్చిపోయిందని మూల పడేసిన నాయన కాలం నాటి ఆంప్లిఫయరును నాలుగు రోజులు కుస్తీపట్టి లేపాడు. లైటు వెలిగింది. వాడు నవ్వాడు. శబ్దం లేకుండా, కానీ నవ్వాడు! కాదర్ మిఠాయి తెచ్చాడు. ఆంప్లిఫయరుకా, నవ్వుకా అంటే చెప్పడు.

ఏప్రిల్ 18

అమ్మ మొక్కుకుంది. జాతరలో రత్నం బండ వేషం వేస్తాడట.

నేను గయ్యిమన్నాను. బండ వేషమంటే ఒళ్లంతా కుంకుమ పూసుకుని, ఎదురొచ్చినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్టకపోతే గంగమ్మకు మొక్కు చెల్లదు. మాటే రానివాడికి ఆ వేషమా? వీధిలో నలుగురూ నవ్వరా?

"అందుకే మొక్కుకున్న్యా," అంది.

సరే, ఇంకోటి అడిగాను. అడగకూడనిది. "మాట వస్తే మళ్లా పట్టాళానికి పోతాడమ్మా. రాకపోతే నీ దగ్గరే ఉంటాడు. ఆలోచించినావా?"

చాలాసేపు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. "ఆలోచించకుండా ఉంటానా నాయనా? మూగోడై నా కండ్ల ముందర ఉండేదాని కంటే, నోరారా మాట్లాడతా యాడుండినా సాలు."

నాకు ఏడుపొచ్చింది. మైకు వైర్లు చుడుతున్నట్టు నటించాను.

మే 9, మంగళవారం

జాతర చాటింపు. ఇక ఊరు ఊరుగా ఉండదు.

మే 11

రాస్తున్న చేతికి కుంకుమ ఇంకా పోలేదు.

పొద్దున అమ్మ వాణ్ని పీట మీద కూర్చోబెట్టింది. తల నుంచి కాళ్ల దాకా కుంకుమ. కళ్లకు కాటుక. వాడు తల వంచి చిన్నపిల్లాడిలా పూయించుకున్నాడు. వీధిలోకి దిగాం. డప్పులు. వాడి మోచెయ్యి పట్టుకుని నేను, వెనక కాదర్. నాలుగేళ్ల బుడ్డోడు తాతను తిడుతున్నాడు. ఎవరో పిల్ల వాళ్ల హెడ్మాస్టరును తిడుతోంది. ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఇవాళ తిట్టించుకున్నవాడికి పుణ్యం.

రత్నం నోరు తెరవలేదు. గుడి దగ్గరపడుతోంది.

ఎదురుగా మా నాయకుడు. తెల్ల చొక్కా, చుట్టూ మనుషులు. "ఓహో, మన హీరో కూడా వేషం ఏసినాడే!" పాపం అలవాటు... ఎవరి చేతిలోదో దండ లాక్కుని వీడి మెడలో వేయబోయాడు.

"థూ!"

డప్పులవాళ్లు కూడా ఆగారు.

తర్వాత వచ్చాయి మాటలు. తుప్పు పట్టిన కొళాయిలో నీళ్లు వచ్చినట్టు ముందు గురగుర, ఆ వెనక ధార. ఏమేమి తిట్టాడో రాయను. నాయకుణ్ని తిట్టాడు. శంఖాన్ని తిట్టాడు. దండల్ని, టపాసుల్ని, మంచును, ఫిరంగుల్ని, కొండ అవతలివాణ్ని, ఇవతలివాణ్ని. మధ్యలో హిందీలోనూ తిట్టాడు. కాదర్ చెవులు మూసుకున్నాడు. నాయకుడు ఏం చేస్తాడు? చేతులు జోడించి నిలబడ్డాడు, అడుగు కదలకుండా.

ఆఖరున నా వైపు తిరిగాడు. "రేయ్ అన్నా! టేషన్లో ఆ హారన్లు నా చెవి కాడ కట్టినోడివి నువ్వే గదరా! బుద్దుండాదా నీకు, గాడిద నాయాలా!"

ఉండాది రా. ఇప్పుడుండాది. వీధి మధ్యలో వాణ్ని కావలించుకుని ఏడ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇవాళ మా వాడి నోరు చెడ్డదయింది, మా ఇల్లు బాగుపడింది.

"నన్ను ఒక్క మాట కూడా అనలేదే," అని కాదర్‌కు అలక.

మే 12

స్నానం చేసి కుంకుమ కడిగేసుకున్నాడు. మళ్లీ మౌనం. మధ్యాహ్నం దాకా ఇంట్లో అందరి చూపూ వాడి నోటి మీదే.

వసంత పప్పు వడ్డించింది. "ఉప్పు," అన్నాడు.

ఉప్పు డబ్బా కోసం ముగ్గురం లేచాం.

జూన్ 14

రోజుకు నాలుగైదు మాటలు. ఎక్కువ కోపంలోనే వస్తాయి. అందుకని కాదర్ పనిగట్టుకుని కోపం తెప్పిస్తున్నాడు. స్క్రూడ్రైవర్లు దాచేస్తాడు. "యాడ పెట్టినావురా?" అని అరుస్తాడు రత్నం. కాదర్‌కు అదే పండగ.

జులై 26

ఏడాదయింది. సభలు, మైకులు — కిందటేడంత లేవు. జనం మరిచిపోతున్నారా? మంచిదేనేమో. పూలమ్మే ఆమె మాత్రం రత్నానికి మల్లెపూలిచ్చి పోయింది, ఫొటో ముందు పెట్టుకోమని. ఏ ఫొటో అని అడిగాడు. "నీ సావాసగాళ్లది ఏదన్నా ఉంటే."

మధ్యాహ్నం సోల్డరింగు చేస్తూ, తల ఎత్తకుండా: "ఆ దినం నా పక్కనే ఉండినాడన్నా. టీ తాగతా ఉండినాము." అంతే. పూలు నాయన ఆంప్లిఫయరు మీద పెట్టాడు.

ఆగస్టు 11

రేణిగుంట. హారన్లు లేవు, దండలు లేవు, నాయకుడు లేడు. అమ్మ, వసంత, నేను, కాదర్. పులిహోర పొట్లం.

"బోర్డు ముందర నోరు కట్టేస్తే ఎట్లన్నా?" అన్నాడు. మొదటిసారి భయం చెప్పుకున్నాడు.

"తిట్టు," అన్నాను.

నవ్వాడు. ఈసారి శబ్దంతో. రైలు కదిలింది. అమ్మ వాడు కనబడినంతసేపు చెయ్యి ఊపి, తర్వాత బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. మొక్కుకున్నదీ తనే, ఏడ్చేదీ తనే.

ఆగస్టు 18

ఇవాళే బోర్డు. పొద్దున్నుంచి అంగట్లో ఫోను పక్కనే. అమ్మ కూడా వచ్చి పాత బాక్సు మీద కూర్చుంది. ఎవరైనా మైకు కోసం ఫోను చేస్తే "పెట్టెయ్, పెట్టెయ్!" అంటోంది.

నాలుగింటికి మోగింది. దూరపు లైను, గరగర. ఎవరో హిందీలో గబగబా మాట్లాడుతున్నాడు. 'బోల్తా' అన్నాడు. ఆ వెనక గరగర. నహీ అన్నాడా? హై అన్నాడా? "క్యా? క్యా?" అని అరిచాను. కాదర్ యాడికి పోయి చచ్చాడో.

ఎవరో ఫోను అందుకున్న చప్పుడు. ఊపిరి. నాకు తెలిసిన ఊపిరి.

"గంగమ్మ తల్లీ... ఇనపడతా ఉండాదా?"

ఊరందరికీ నోరు అద్దెకిచ్చేవాణ్ని. నాకే మాట రాలేదు. వచ్చేలోపు లైను కట్టయింది.

బోర్డు ఏమందో తెలియదు. డ్యూటీనా, ఇల్లా... ఏమీ తెలియదు.

"ఏమంటా ఉండాడు?" అంది అమ్మ.

"ఇనపడతా ఉండాదా అన్నాడమ్మా."

"నువ్వేం జెప్తివి?"

అమ్మ నా చేతిలోంచి రిసీవరు లాక్కుంది. అందులో కుయ్‌మనే శబ్దం తప్ప ఏమీ లేదు. అయినా నోటి దగ్గర పెట్టుకుని, వీధంతా వినబడేలా అరిచింది.

"ఇనపడతా ఉండాది నాయనా!"